కారుకి వేరే లైను

"ఈ వైరింగ్ చేసిన మహానుభావుడెవరో గానీ, కనిపిస్తే దండేసి దణ్ణం పెట్టాలి. ఇన్నేళ్లూ ఇల్లు తగలబడలేదంటే అది ఆయన పనితనం కాదు, మీ అదృష్టం."

మెయిన్ బోర్డు మూత ఊడదీసి, లోపలికి టార్చి కొడుతూ అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి. కింద స్టూలు పట్టుకుని నిలబడ్డ పళ్ల డాక్టరు మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు.

"దండ కాస్త పొడుగుది తీసుకురా అమ్మాయ్," అన్నాడు వెనక నుంచి డాక్టరు వాళ్ల నాన్న. "నా తల పెద్దది."

ఆయన నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. ఇంట్లో ప్రతి తీగా తన చేత్తోనే లాగాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ సంగతి చెప్పేవాడు.

ఆమె నాలుక కరుచుకుంది గానీ మాట మార్చలేదు.

"సారీ అంకుల్. కానీ మీ ఇంటికి ఎర్త్ లేదు."

"లేకపోవడమేంటి? కుళాయి పైపుకి కట్టానుగా!"

"ఆ పైపు తీసేసి ప్లాస్టిక్‌ది వేయించారుగా. ఇప్పుడు మీ ఎర్త్ గాల్లో ఉంది."

డాక్టరుకి నవ్వు తన్నుకొచ్చింది. తండ్రి చూపు తగలగానే దాన్ని దగ్గుగా మార్చేశాడు.

ఎలక్ట్రిక్ కారు కొని వారమైంది. వంటింటి ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిటికీలోంచి లాగి ఛార్జ్ చేస్తున్నారు. ఆమె ఆ బాక్సుని చచ్చిన ఎలుకని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తింది.

"ముందు దీన్ని పారేయండి."

"ఫ్రిజ్జు నడుస్తోంది, మిక్సీ నడుస్తోంది. కారేం పాపం చేసింది?" అన్నాడు తండ్రి.

"మిక్సీ రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది అంకుల్. కారు ఏడెనిమిది గంటలు గుక్క తిప్పుకోకుండా తాగుతుంది. దానికి మెయిన్ బోర్డు నుంచి లావు వైరుతో వేరే లైను లాగాలి. లోడు ఎక్కువైతే ఆపేసే సొంత ఎంసీబీ ఉండాలి, కరెంటు లీకైతే పడిపోయే ట్రిప్ స్విచ్చి ఉండాలి, సరైన ఎర్త్ ఉండాలి. ఇవి లేకుండా నేను ఛార్జర్ బిగించను."

"నువ్వు కాకపోతే ఇంకో నలుగురున్నారు."

"ఉంటారు. ఫైరింజను వాళ్ల నంబరు కూడా పక్కనే రాసి పెట్టుకోండి."

టూల్ బ్యాగు భుజానేసుకుని చరచరా వెళ్లిపోయింది. డాక్టరు గేటు దాకా పరుగెత్తాడు.

"మా నాన్న మాటలు పట్టించుకోకండి."

"మీరు మాత్రం ఆ ప్లగ్గుని పట్టించుకోండి. వేడెక్కినా, వాసనొచ్చినా మెయిన్ ఆపేయండి."

ఇంకేదో అనాలనుకున్నాడు. రోజూ పాతికమందిని నోరు తెరవమనే మనిషికి తన నోరు పెగల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం వాన మొదలైంది. కొడుకు కునుకు తీస్తుంటే తండ్రి పంతం కొద్దీ అదే బాక్సుకి కారు తగిలించాడు. గంటన్నరకి వంటింట్లోంచి కమురు వాసన. డాక్టరు దిగ్గున లేచి మెయిన్ ఆపి చూస్తే, ప్లగ్గు కరిగి గోడకి అతుక్కుపోయి ఉంది. పక్కనున్న కర్టెన్ అంచు నల్లబడింది.

తండ్రి ఆ నల్లబడ్డ అంచుని వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత ఫోను తీసుకుని తనే నంబరు నొక్కాడు.

"అమ్మాయ్, నేను. పెద్ద తలవాణ్ణి. రేపు వస్తావా?"

పని మూడు రోజులు పట్టింది. ఎర్త్ గొయ్యి తానే తవ్వుతానని డాక్టరు సెలవు పెట్టాడు.

"పార పట్టుకోవడం అలా కాదండీ. మీరు నేలకి పళ్లు తోముతున్నారు!"

"మెల్లగా చేస్తే నొప్పి తెలీదని..."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూశాక డాక్టరు అరచేతిలో బొబ్బలు లెక్కపెట్టడం మానేశాడు.

రెండోరోజు గోడలో ఒక పాత జాయింటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "అంకుల్, ఇది మీరు వేసిందేనా? ఇంకా ఎంత బిగువుగా ఉందో చూడండి! ఇంత శ్రద్ధగా ఇప్పుడెవరు వేస్తున్నారు?" ఆ సాయంత్రం నుంచి టీ మొదటి కప్పు ఆమెకే వెళ్లింది.

అన్నీ బిగించి, ఎర్త్ కొలిచి చూసి, ట్రిప్ స్విచ్చి మీదున్న చిన్న బటన్ చూపించింది. "ఇది టెస్ట్ బటన్. మూడు నెలలకోసారి నొక్కండి. టక్కున పడిపోతే అది మీకు కాపలా ఉన్నట్టు."

డాక్టరు అద్దం ముందు ప్రాక్టీసు చేసిన మాటలన్నీ కూడగట్టుకున్నాడు. "మీకు... పళ్లు ఏమైనా పుచ్చాయా?"

"లేదండీ," అని ఆమె వెళ్లిపోయింది.

నాలుగోరోజు ట్రిప్ స్విచ్చి పడిపోయింది. ఆమె వచ్చి అంతా వెతికింది. ఏ లోపమూ దొరకలేదు. మర్నాడు మళ్లీ పడింది. మూడోసారి వచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"రెండ్రోజులుగా నిద్ర లేదు. నేను చేసిన పని వల్ల ఎవరికైనా ఏదైనా అయితే..." అని ఆగి, డాక్టరు వైపు తిరిగింది. "నిజం చెప్పండి. ఆ బటన్ మీరే నొక్కుతున్నారా?"

"నేనా? నాకంత ధైర్యమే ఉంటే..."

"ఉంటే?"

తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"నొక్కింది నేను. వీడు చెప్పి చావడు. నువ్వు పనైపోతే రావు. మధ్యలో నేనేం చేయను?"

ఆమె మొహం జేవురించింది. "అది కాలింగ్ బెల్ కాదు అంకుల్! రేపు నిజంగా లీకై పడిపోతే, నాన్నే నొక్కాడులే అని ఈయన మళ్లీ ఆన్ చేస్తే? నా పనిలో తప్పుందేమోనని నేను ఏడ్చాను, తెలుసా?"

ఆయన తల దించుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. ఇంత దూరం ఆలోచించలేదు."

ఆమె బ్యాగు సర్దుకుని, బయట పడుతున్న వానలోకి వెళ్లిపోయింది. డాక్టరు చెప్పులైనా వేసుకోకుండా వెంట నడిచాడు. ఆమె స్కూటరు స్టార్ట్ చేయలేదు.

"ధైర్యం ఉంటే ఏం చేసేవారు?"

"బటన్ నొక్కేవాణ్ణి కాదు. మీరంటే ఇష్టమని మొదటిరోజే గేటు దగ్గర చెప్పేవాణ్ణి." ఒక్క గుక్కలో అనేశాడు. "మా నాన్న తరఫున సారీ. నా తరఫున కూడా. నేను ముందే నోరు తెరిచి ఉంటే మీకు నిద్ర పాడయ్యేది కాదు."

ఆమె హెల్మెట్ మీది నీళ్లు చేత్తో తుడిచింది.

"నాకు ఫాల్టు లేని ఇంటికి వెళ్లే అలవాటు లేదు," అంది చివరికి. "బయటికైతే వస్తాను. ఆదివారం, మీ కారులో. ఫుల్ ఛార్జ్ చేసి తీసుకురండి. దారిలో ఆగితే నేను తొయ్యను."

కిటికీలోంచి పెద్ద తల ఒకటి బయటికొచ్చింది. "అమ్మాయ్, కోపం పోయిందా?"

"సగం పోయింది అంకుల్!"

"అంకుల్ ఏంటి, పరాయివాళ్లలా? నోరారా మామయ్యా అనొచ్చుగా!"

"నాన్నా!" అని అరిచాడు డాక్టరు.

ఆమె హెల్మెట్ పెట్టుకుంది. అద్దం దించుతూ, "ముందు ఆదివారం కానివ్వండి..." అంది. ఆ వాక్యం చివర ఏ పిలుపు తగిలించాలో తేలక కాసేపు తడబడింది. అంకుల్ అని మాత్రం అనలేదు.