ప్రమాణ వాక్యం

2091 నాటికి విశాఖలో ‘ఒట్టు’ అనే మాట వాడుకలోంచి పోయింది. పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు పళ్ళూ పూలతో పాటు నిజపటం కూడా తీయించుకుని వచ్చేవారు. కోర్టుల్లో సాక్షి చేత ప్రమాణం చేయించడం మానేసి చాలా కాలమైంది. పూర్వం గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి పట్టుకునేవారట. ఇప్పుడు భుజాలతో పని లేదు, నేరుగా బుర్రలోకే చూస్తున్నారు.

ఆ నిజపటం పుట్టింది భీమిలి రోడ్డులోని మస్తిష్క చిత్రణ పరిశోధనాలయంలో. మెదడులో ఏ భాగం పని చేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుందని పాతకాలపు ఎమ్మారై యంత్రాలకే తెలుసు. నిజపటం ఇంకో అడుగు ముందుకు వేసింది. మాట పెదవి దాకా రాకముందే, మెదడులో అది రూపు కట్టుకునే తీరును పట్టుకుని, నిజమో అబద్ధమో చెప్పేస్తుంది.

అయితే నిజం చెప్పే మెదడు ఎలా ఉంటుందో యంత్రానికి ముందుగా ఎవరో ఒకరు నేర్పాలి. బయటివాళ్ళ మెదడు పటాలు తీయడానికి అనుమతులు రావాలంటే నెలలు పడుతుంది. అందుకని అన్ని ల్యాబుల్లో చేసే పనే ఇక్కడా చేశారు. సిబ్బందే వంతులవారీగా యంత్రంలో పడుకున్నారు. ఎవరికీ అబద్ధమాడే అవసరం రాని ప్రశ్న కావాలని డైరెక్టర్ డాక్టర్ హైమవతి బాగా ఆలోచించి ఒకటి ఎంచింది.

“బాగున్నారా?”

పదకొండు మందీ “బాగున్నాను” అన్నారు. ఆ పదకొండు పటాలకూ ప్రమాణ వాక్యం అని పేరు పెట్టారు. పన్నెండేళ్ళుగా దేశంలో ప్రతి మాటనూ వాటితోనే పోల్చి చూస్తున్నారు.

ఆ పదకొండు మందిలో కిన్నెర ఒకతె. పటాలు చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె తమ్ముడు సారథి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో ఆపరేటర్. ఎవరో వాల్వు తెరిచేస్తే ఇద్దరు కార్మికులు ట్యాంకు లోపల మునిగి చనిపోయారు. “నేను తెరవలేదు” అన్నాడు సారథి. యంత్రం ‘అబద్ధం’ అంది. దాంతో సముద్రగర్భంలోని గనుల్లో యావజ్జీవ శిక్ష వేశారు. ఈ సాయంత్రమే ఓడ. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ ఇంతవరకూ తిరిగి రాలేదు.

కిన్నెర జైలుకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తన యంత్రం ముందే అబద్ధమాడాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాడి అబద్ధం ఎలా ఉందో కళ్ళారా చూసుకుంటే గానీ కోపం తీరదనిపించి, ఈ ఉదయం సారథి పటం తెరిచింది.

“ఇందులో అబద్ధం ఎక్కడుంది?” అని యంత్రాన్ని అడిగింది.

“నుదుటి వెనక భాగంలో,” అంది యంత్రం. “ప్రమాణ వాక్యంలో అక్కడ ఒక మడత ఉంటుంది. ఇతని మాటలో ఆ మడత లేదు.”

“పదకొండు పటాల్లోనూ ఉందా?”

“పదకొండింటిలోనూ ఉంది.”

కిన్నెర ఆ మడతను పెద్దది చేసి చూసింది. అది ఏమిటో ఆమెకు తెలుసు. మనిషి ఒక బాధను లోపలికి నొక్కేసి, పైకి మామూలుగా మాట్లాడినప్పుడు పడే మడత అది. యంత్రం నిజమని నేర్చుకున్నది దాన్నే. అలా నొక్కిపెట్టి మాట్లాడడం అలవాటైన దొంగలు నిబ్బరంగా బయటపడ్డారు. దాపరికం లేకుండా, భయపడుతూ ఉన్నమాట చెప్పినవాళ్ళు శిక్ష పడి వెళ్ళిపోయారు.

ప్రమాణ పటం తీసిన రోజు తన సంగతి ఆమెకు గుర్తుంది. భర్త ఇల్లు వదిలి వెళ్ళి వారం కూడా కాలేదు. ల్యాబులో ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంజినీరు సుభాని క్యాంటీన్లో టిఫిన్ చేస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

“ప్రమాణ పటాలు తీసిన రోజు నువ్వెలా ఉన్నావ్ సుభానీ? నిజం చెప్పు.”

సుభాని చెయ్యి ప్లేటులోనే ఆగింది. “అమ్మ వెంటిలేటర్ మీదుంది మేడం. ఆ సాయంత్రమే పోయింది. ఎందుకూ ఇప్పుడు?”

“మరి బాగున్నానని ఎందుకన్నావ్?”

“బాగున్నారా అంటే బాగున్నాననే కదా అంటాం. అందరి ముందూ ఇంకేం చెప్తాం?”

కిన్నెర అతణ్ణి వెంటబెట్టుకుని డైరెక్టర్ గదికి పరుగెత్తింది. హైమవతి అంతా విన్నది. సిబ్బందిని యంత్రం దగ్గరికి పిలిపించింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

“పడుకో అమ్మా. నీ మాటే చూద్దాం,” అంది.

కిన్నెర యంత్రంలో పడుకుంది. “ఆ రోజు నేను బాగోలేను,” అంది. గుండెలో ఉన్నది ఉన్నట్టు, ఏదీ నొక్కిపెట్టకుండా చెప్పింది.

“అబద్ధం,” అంది యంత్రం.

“అదేనండీ నేను చెప్పేది! నిజం చెప్తే అబద్ధమంటోంది,” అంటూ లేచి కూర్చుంది.

అందరూ ఆమె వంక జాలిగా చూశారు. తమ్ముడి మీద బెంగతో ఇలా అంటోందని ఎవరో గొణిగారు. హైమవతి అద్దాలు తుడుచుకుంటూ నెమ్మదిగా మాట్లాడింది.

“ఈ అమ్మాయి చెప్పేది నిజమైతే, పన్నెండేళ్ళలో మనం పంపినవాళ్ళందరికీ మనమే సమాధానం చెప్పుకోవాలి. ఆ గనుల్లోకి మనల్నే పంపుతారు. అయినా ఫరవాలేదు, తప్పుంటే ఒప్పుకుందాం. ఇంకెవరైనా ఆ రోజు బాగోలేకపోతే చెప్పండి.”

పదకొండు మందిలో ఒకరికి ఆ నెల్లోనే గర్భం పోయింది. ఇంకొకరి ఇల్లు తుఫానులో కొట్టుకుపోయింది. ఒకరి కష్టం ఒకరికి ఎంతో కొంత తెలుసు, అయినా అందరూ నేల చూపులే చూశారు.

“సుభానీ,” అంది కిన్నెర. “మా వాడు ఓడెక్కేస్తాడు. ఒక్కమాట చెప్పు.”

సుభాని ఆమె ముఖం చూడకుండా వెళ్ళి యంత్రంలో పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అతని ముగ్గురు పిల్లల ఫోటో జేబులోంచి కొంచెం బయటికి కనిపిస్తోంది.

“ఆ రోజు మీరు బాగున్నారా?” అని హైమవతి అడిగింది.

“బాగానే ఉన్నానండి.”

తెర నిండా ఆకుపచ్చ రంగు పరుచుకుంది.

“నిజం,” అంది యంత్రం.