చివరి వరుస ఊయల

నూకరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన బిడ్డ ఏడుస్తుంటే ఎవరూ రాకపోవడం.

ఆ భయం ఏ తల్లికీ ఉండదని చెప్పే, 2074లో విశాఖ రేవు పక్కన 'చేయూత' కంపెనీ శిశుకేంద్రం తెరిచింది. అందులో అన్నీ వినికిడి ఊయలలే. బిడ్డ ఏడిస్తే ఊయలలోని సెన్సర్ విని, అది ఆకలో, జ్వరమో, వట్టి గారమో తేల్చి ఆయాను పిలుస్తుంది. అయితే ఆ ఊయలలకు ఏడుపు నేర్పింది మేడల్లో పిల్లల గొంతులతో. సముద్రపు హోరులో పెరిగే జాలరిపేట పిల్లలు గట్టిగా ఏడుస్తారు. ఊయలలు దాన్ని అలవాటనుకుని, వాళ్ల వంతు అందరి తర్వాతకు నెట్టేవి.

ఆ పేటలోని నూకరత్నం కొడుకు సింహాద్రి చివరి వరుస ఊయలలో ఒళ్లు కాలిపోతూ మధ్యాహ్నమంతా ఏడ్చాడు. ఎవరూ రాలేదు. ఆమె ఆ సంగతి కెమెరా ముందు చెప్పేసరికి ఊరు ఊరంతా కంపెనీ మీద విరుచుకుపడింది.

అప్పుడు కంపెనీ 'మన్నింపు దూత'ను తయారుచేసింది. మనిషి ఎత్తు యంత్రం. ఇంటింటికీ వెళ్లి తప్పు ఒప్పుకుంటుంది, బాధ వింటుంది, ఎదుటివాళ్ల మనసు ఎంత మెత్తబడిందో కొలుస్తుంది. పేటంతా మెత్తబడితే కంపెనీకి పోయిన పేరు తిరిగొచ్చినట్టే.

దూత నూకరత్నం గుమ్మంలో తలవంచి నిలబడింది. "తప్పు మాదేనమ్మా. మీ బాబు ఏడుపు మాకు ఏడుపులా వినపడలేదు."

ఆమె లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి దాని ముందు పెట్టింది.

పక్కింటి అప్పయ్యమ్మ కూతుర్ని చంకనేసుకుని చూస్తోంది. "ఒలే, ఇనప మడిసికి నీళ్లేటే? తుప్పట్టిపోద్ది."

"గుమ్మంలోకొచ్చినోడికి ఇయ్యకపోతే ఎలాగొదినా?"

అప్పయ్యమ్మ నవ్వుకుంటూ పిల్లకు పాలు పట్టడానికి వెళ్లిపోయింది.

"ధన్యవాదాలు," అంది దూత. "మన్నించినట్టు నమోదు చేశాను."

"నీళ్లిత్తే మన్నించినట్టేటి? కొట్టడానికొచ్చినోడికైనా ఇత్తాం. ముందు ఆ ఊయల్లు బాగుసెయ్యండి."

"నమోదు దిద్దమంటే దిద్దుతాను. అలాగే ఉంచితే మాత్రం, రేపే మీ బాబు ఊయలను ఆయా కుర్చీ పక్కకు మారుస్తాం."

నూకరత్నం నోరు తెరిచింది. జ్వరంతో ఎర్రబడిన సింహాద్రి ముఖం కళ్లముందు మెదిలింది. దిద్దమని అనలేకపోయింది.

జాలరిపేట తమను మన్నించిందని కంపెనీ వారంలోపే ప్రకటించింది. ఊయలలు మాత్రం మారలేదు. సింహాద్రి ఆయా చేతికందే చోటికి వచ్చాడు. చివరి వరుసలో వాడు వదిలిన చోట అప్పయ్యమ్మ కూతురు కనకాన్ని పడుకోబెట్టారు.

నూకరత్నానికి అన్నం సయించడం మానేసింది. చివరికి కేంద్రానికెళ్లి, తలుపు దగ్గర నిలబడ్డ దూతను అడిగింది. "ఇలా ఆశ చూపి నోరు మూయించడం నీకెవుడు నేర్పాడు బాబూ?"

"మీ అందరి ఇళ్లలోనే నేర్చుకున్నానమ్మా. తల్లులకు ముందు తమ బిడ్డ ఏడుపే వినిపిస్తుంది. ఊయలలూ అంతే, తమకు తెలిసిన ఏడుపే వింటాయి."

అప్పయ్యమ్మకు ఈ సంగతి ఎలా చెప్పాలో నూకరత్నానికి ఇప్పటికీ తెలియడం లేదు. మీరెప్పుడైనా ఆ రేవు దారిన వెళితే, కాస్త లోపలికెళ్లి చివరి వరుసదాకా నడవండి. పాప పేరు కనకం. గట్టిగా ఏడుస్తుంది. ఒక్కసారి నుదురు ముట్టుకుని చూడండి.