ఏప్రిల్‌లో బయటికొచ్చిన నిమ్మచెట్టు

లుక్కా ఊరి బయట, విల్లా సెరాల్టా తోటలో ముసలి తోటమాలి నార్చీజోను తెల్లవారుతుండగా ఎవరో గొంతు నులిమి చంపేశారు. ఎనిమిదింటికల్లా గూఢచారి శాఖ కల్నల్ గల్గాని ఏజెంట్ ఎర్సీలియాను పిలిపించాడు.

"ఒంటిగంటకు ప్రొఫెసర్ తొర్రిజానీకి అక్కడే విందు. రాకెట్ లెక్కలన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. విదేశీ ముఠా ఆయన్నే గురిపెట్టింది."

"విందు ఆపించండి సార్."

"వినడు, మొండిఘటం. నువ్వు పనిమనిషిగా వెళ్ళు. లోపల కౌంటెస్ ఒత్తావియా మన మనిషే. కోడ్, 'సైప్రస్ చెట్లకు దాహంగా ఉంది.'"

"ముసలాయన్నెందుకు చంపారు?"

"అదే తెలీడం లేదమ్మాయ్."

ఒంటిగంటా అయిదుకి ఆకుపచ్చ పట్టుగౌనులో ఒత్తావియా వంటింటి గుమ్మంలో నిలబడి కోడ్ చెప్పింది. "అంతా వెతికించాను, ఏమీ లేదు. నువ్విక్కడే గిన్నెలు తోముకో బంగారం. ఆ చేతులు అందుకే పుట్టాయి."

నిజమే, అవి తోటమాలి కూతురి చేతులు. ఆమె తండ్రిదీ నార్చీజో పనే. ఎర్సీలియా రొట్టెల బుట్ట పట్టుకుని టెర్రస్ మీదికి నడిచింది.

ప్రొఫెసర్ సూప్ తాగుతున్నాడు. కుర్చీ పక్కన పెద్ద మట్టితొట్టిలో నిమ్మచెట్టు. ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇది ఇంకా ఏప్రిల్. చలికి భయపడి ఈ కొండల్లో మే నెల సగమయ్యేదాకా నిమ్మతొట్టిని చలికాలపు సావిడి దాటించరు. నార్చీజో ప్రాణం పోయినా ఒప్పుకుని ఉండడు. ప్రాణమే పోయింది.

"ఈ తొట్టి ఎవరు పెట్టించారమ్మా?"

"నేనే. ముచ్చటగా లేదూ?" వెనకే వచ్చిన ఒత్తావియా వాచీ చూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

ఎర్సీలియా బుట్ట వదిలేసింది. తండ్రి నేర్పినట్టు తొట్టిని అంచు మీదికి వంచి, గిరగిరా దొర్లిస్తూ కొలను వైపు పరుగెత్తింది.

"ఆగవే!" ఒత్తావియా పిస్టల్ తీసి వెంటపడింది. గుండు ఎర్సీలియా భుజంలో దిగింది. ఆమె ఆగలేదు. తొట్టిని నీళ్ళలోకి తోసి నేలకు కరుచుకుంది.

పేలుడుతో కొలను ఆకాశానికి లేచింది.

పొగ తగ్గాక చూస్తే ఒత్తావియా గట్టు మీద వెల్లకిలా పడి ఉంది. మెడలో చెయ్యంత తొట్టిపెంకు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎర్సీలియా భుజం అదుముకుంటూ వంగి వాటిని మూసింది.

ప్రొఫెసర్ తలనుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో చెంచా అలాగే ఉంది.

"ఈ తోటల్లో అతిథుల మీద చాటుగా నీళ్ళు చిమ్మించే సరదా ఉందని తెలుసు," అన్నాడు. "సూప్ తాగేదాకా ఆగుతారనుకున్నానమ్మా."