మూడు చుట్లు, రెండు నడికట్లు

"ఎవరండీ ఇది కట్టింది?"

కర్రల లారీ దిగుతూనే ఆమె అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

వాగు గట్టున నిలబడ్డ యువకుడు మెళ్ళో విజిల్ సర్దుకున్నాడు. "నేనేనండీ," అన్నాడు, కాస్త గర్వంగానే.

వాగుకి అడ్డంగా నాలుగు కర్రల చట్రాలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటి మీద పలకలు పరిస్తే వంతెన అవుతుంది. నిలువు గుంజా అడ్డకర్రా కలిసిన ప్రతిచోటా తాడు బంతంత ముద్దగా చుట్టుకుని ఉంది.

"ఎన్ని చుట్లు వేశారు?"

"తొమ్మిది. మామూలుగా మూడు చాలట. నేనే బలంగా ఉంటుందని తొమ్మిది వేశాను."

"నడికట్లు?"

"అంటే?"

ఆమె నీళ్ళ అంచుకి దిగింది. దగ్గరున్న గుంజ మీద అరచెయ్యి ఆనించి, ఓరగా వేసిన తలుపు తోసినట్టు మెల్లగా తోసింది. గుంజలన్నీ కిర్రుమంటూ ఒకవైపు ఒరిగాయి. అవతలి చివరి చట్రం, వయసు మళ్ళిన పెద్దాయన కుర్చీలో కూర్చున్నంత నిదానంగా, నీళ్ళలో కూలబడింది.

"అదీ సంగతి," అంది ఆమె. "కర్రలు ఎక్కడ దించమంటారు?"

అతను స్కూల్లో ఆటల మేస్టరు. పిల్లల క్యాంపు బాధ్యత మొదటిసారి తన మీద పడింది. క్యాంపు స్థలం వాగుకి అవతల. శనివారం భద్రతాధికారి వచ్చి వంతెన పాస్ చేస్తేనే ఆదివారం నూట ఇరవైమంది పిల్లలు దాన్ని దాటుతారు. లేకపోతే క్యాంపు లేదు. ఇవాళ మంగళవారం.

"అసలు మీరెవరండీ? ఇంజినీరా?"

"పరంజా మేస్త్రి గారమ్మాయిని. పడిపోయేదాన్ని పడిపోతుందని చెప్పడానికి ఇంజినీరింగ్ ఎందుకండీ?"

"నేను పుస్తకం చూసే కట్టాను," అని అతను జేబులోంచి మడతలు పడ్డ జిరాక్స్ కాగితాలు తీశాడు. ఆమె తిరగేసింది. పన్నెండు, పదమూడు, పదిహేను.

"పద్నాలుగో పేజీ ఏదీ?"

"జిరాక్స్ లో రాలేదు. ఒక్క పేజీయే కదా అని..."

"ఆ ఒక్క పేజీయే నీళ్ళలో కూర్చుంది, చూడండి."

అతనికి ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టాలో తెలియక విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె రెండు కర్రలు ఒకదానికొకటి అడ్డంగా వేసి తాడు మూడు చుట్లు చుట్టింది. "చూడండి, విజిల్ సారూ. ఈ మూడు చుట్లూ కర్రల్ని పట్టుకుంటాయి. పట్టుకుంటాయంతే. బిగించవు. ఇప్పుడు తాడుని రెండు కర్రల సందులోంచి పోనిచ్చి, ఆ చుట్ల నడుముకే చుట్టి లాగాలి. ఇది ఒక నడికట్టు. ఇది రెండోది. ఆ తర్వాతే ముడి." కాలు కర్రకి తన్నిపెట్టి వెనక్కి వాలి లాగింది. తాడు మూలిగింది. "ఊపండి."

అతను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. అతనే ఊగాడు, కర్రలు ఊగలేదు.

"మీ పనివాళ్ళని రెండ్రోజులు పంపుతారా?"

"మా వాళ్ళందరూ పెద్ద బిల్డింగ్ మీద ఉన్నారు. మీరే కట్టుకోండి, నేను పక్కన నిలబడి చెప్తా. మా నాన్న మాత్రం ఊ అనాలి. ఫోన్ చేసి అడగండి. వినికిడి కొంచెం తక్కువ, గట్టిగా మాట్లాడండి."

* * *

మేస్త్రి ఇంట్లో అప్పుడు భోజనాల వేళ. ముప్ఫై ఏళ్ళు నిచ్చెనలెక్కి దిగి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. బల్ల కింద ఇంకో కుర్చీ వేసుకుని కాళ్ళు చాపుకుని తినడం ఈమధ్య అలవాటైంది. పన్నెండుమంది జట్టు ఎవరి చేతిలో పెట్టాలన్న మాట రోజూ ఆ బల్ల దగ్గరే వస్తుంది. రోజూ ఆయన ఒకే జవాబు చెప్తాడు: "అమ్మాయిని కట్టుకునేవాడి చేతిలో."

అమ్మాయి పదేళ్ళప్పుడే తాడు పట్టింది. జట్టులో వాళ్ళు సరదాకి "చిన్న మేస్త్రీ" అని పిలుస్తారు. కానీ మనుషులు నిలబడే పరంజా మీద ఆమె కట్టిన కట్టు ఒక్కటి కూడా ఇంతవరకూ లేదు. యార్డులో కర్రలు లెక్కపెట్టడం, లారీలో ఎక్కించడం, అంతవరకే.

ఫోన్ మోగింది. మేస్త్రి స్పీకర్ నొక్కాడు.

"మేస్త్రి గారూ, నమస్కారమండీ! నేను స్కూల్లో ఆటల మేస్టర్ని. ఇవాళ మీ అమ్మాయిని చూశానండీ!"

"ఊఁ."

"చూశాక నాకు కళ్ళు తెరుచుకున్నాయండీ. ఇన్నాళ్ళూ పుస్తకాలు చూసి ఏదో అనుకున్నాను. ఇంక ఆలోచన లేదు. నేనే కట్టుకుంటాను!"

మేస్త్రి చేతిలో మంచినీళ్ళ గ్లాసు నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"అమ్మాయిగారు సరేనన్నారు. మీరు ఊ అంటే చాలట. ఎలాగైనా శనివారంలోపు అయిపోవాలండీ. ఆదివారం నూట ఇరవైమంది వస్తున్నారు!"

"నూట ఇరవైమందా!" తల్లి లేచి నిలబడింది. "పిలుపులు కూడా అయిపోయాయా, బాబూ?"

"ఎప్పుడో అయిపోయాయండీ! భోజనాలూ, పడకలూ అన్నీ స్కూలు వాళ్ళే చూసుకుంటారు. మీకే శ్రమా ఉండదు. రేపు పొద్దున్నే మొదలెట్టేస్తాం. ఉంటానండీ!"

ఫోన్ ఆగిపోయింది. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమండీ, గొంతు మంచిదిలాగే ఉంది," అంది ఆవిడ.

"గొంతు చూసి ఇస్తామా పిల్లని!"

* * *

అమ్మాయి ఆ రాత్రి యార్డులోనే పడుకుని, అటునుంచి అటే వాగుకి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఆ తల్లిదండ్రులు ఇస్త్రీ బట్టల్లో వాగు దగ్గరకొచ్చేసరికి, పెళ్ళికొడుకు అనుకున్నవాడు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. అమ్మాయి గట్టు మీద నిలబడి కేకలేస్తోంది.

"లాగండి! ఇంకా లాగండి! పొద్దున్న ఏమీ తిన్లేదా?"

"ఏమిటే ఆ అరుపులు?" తల్లి పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "పెళ్ళికి ముందే ఇలా గద్దిస్తే అతనేమనుకుంటాడు?"

"ఎవరి పెళ్ళికి?"

"బాగుంది! నిన్ను కట్టుకుంటానని ఆ అబ్బాయి ఫోన్ చెయ్యలా? శనివారమేనటగా!"

నీళ్ళలో ఉన్న మనిషి చేతిలో తాడు జారిపోయింది. "అయ్యో! వంతెనండీ! వంతెన కట్టుకుంటానన్నాను! మీ అమ్మాయిని కాదండీ! అస్సలు కాదు! ఒట్టండీ!"

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి గట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకున్నాక, ఎందుకో అతనివైపు గుర్రుగా చూసింది. "అంత గట్టిగా కాదనాలా? ఒకసారంటే సరిపోదూ?"

మేస్త్రికి నవ్వు రాలేదు. ప్యాంటు పైకి మడిచి చట్రం దగ్గరకు వెళ్ళి, బొటనవేలితో కట్టు నొక్కి చూశాడు.

"ఇది నువ్వు కట్టించావా?"

"అవున్నాన్నా."

"దీనిమీద నూట ఇరవైమంది పిల్లలు నడవాలా? ఎల్లుండి ఇద్దరు మనుషుల్ని పంపిస్తా. అంతా విప్పి కడతారు. నువ్వు ఇంటికి పద."

"రాను నాన్నా." ఆమె తాడు చుట్ట భుజానికి తగిలించుకుంది. "ఇది శనివారం పాసైతే జట్టు నాది. నన్ను చేసుకునేవాడిది కాదు. నాది. పాసవకపోతే ఇంకెప్పుడూ తాడు ముట్టుకోను."

మేస్త్రి కట్టు మీంచి వేలు తీశాడు. "ఆ మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

ఆయన ప్యాంటు మడతలు దించుకుని వెళ్ళిపోయాడు. వెనకాలే తల్లి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "అబ్బాయి చూడ్డానికి కూడా బానే ఉన్నాడే," అని గుసగుసగా చెప్పి మరీ వెళ్ళింది. ఆ గుసగుస అవతలి గట్టుకి కూడా వినిపించింది.

* * *

మొత్తం నలభై రెండు కట్లు. మొదటి రెండు కట్టి, పాతవన్నీ విప్పేసరికే బుధవారం అయిపోయింది. గురువారం ఇరవై కట్టారు. అతని అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె గుడ్డపీలికలు చుట్టింది.

"ఇది కూడా నడికట్టేనా?"

"నోటికి వెయ్యాలి మీకు నడికట్టు."

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి చట్రం కడుతుండగా ఆకాశం నల్లబడింది. మొదట ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది. అతను అది చూశాడు. తను చూడటం ఆమె చూసిందని కూడా చూశాడు.

"మొన్న ఫోన్లో చెప్పింది వంతెన గురించేనండీ," అన్నాడు తాడు రెండో కొస పట్టుకుని. "ఇప్పుడు చెప్పబోయేది మాత్రం వంతెన గురించి కాదు."

"ముందు లాగండి."

లాగాడు. "మీరు పక్కనుంటే నాకు తప్పు చేస్తానన్న భయం ఉండదు. ఎలాగూ విప్పించేస్తారు కాబట్టి. జన్మంతా అలా విప్పించుకోవాలని ఉంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె ముడి వెయ్యడం మర్చిపోయింది. పదేళ్ళ వయసు తర్వాత అది మొదటిసారి.

"రేపటిదాకా అడక్కండి," అంది చివరికి. "ఇవాళ నేను సరే అన్నాననుకోండి, మా నాన్న జట్టు తెచ్చి మీ చేతిలో పెడతాడు. పద్నాలుగో పేజీ లేని మీ చేతిలో! నేను మళ్ళీ యార్డులో కర్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి."

"నాకొద్దండీ ఆ జట్టు!"

"మీకొద్దంటే నాకివ్వడు. నేను గెలుచుకుంటేనే నాది." అప్పుడు ముడి వేసింది, మామూలు కంటే గట్టిగా. "రేపు వంతెన నిలబడితే జవాబు చెప్తాను. కూలితే ఏ జవాబూ చెప్పే మొహం ఉండదు నాకు."

* * *

శనివారం పొద్దున్న వాన పెద్దదైంది. భద్రతాధికారి రెయిన్ కోటు వేసుకుని, అట్ట మీద ఫారం పెట్టుకుని వచ్చింది. ముప్ఫై వంతెనలు రద్దు చేసిన ముఖం ఆవిడది.

"ఈ వానలో టెస్ట్ ఏం చేస్తాం? సోమవారానికి వాయిదా వేద్దాం."

సోమవారమంటే క్యాంపు పోయినట్టే. ఆటల మేస్టరు నోరు తెరిచేలోపు ఆమె ముందుకొచ్చింది.

"వానలోనే చూడండి మేడమ్. పొడి తాడుతో కట్టాం. తడిస్తే ఉబ్బి ఇంకా బిగుస్తుంది."

"మరి ఎండితే?"

చాలామంది అక్కడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. ఆమె తప్పించుకోలేదు. "ఎండితే కాస్త వదులవుతుంది మేడమ్. అందుకే ఎండ వచ్చిన రోజు పిల్లలు లేవకముందే నలభై రెండు కట్లూ నేనే తిరిగి చూసి బిగిస్తాను. క్యాంపు అయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

అధికారి పెన్ను మూత తీసింది. "సరే. మనుషుల్ని ఎక్కించండి. ఒకేసారి పదిమందికి తక్కువ కాకుండా."

పదిమంది ఎక్కడ? మేస్టరు అటూ ఇటూ చూస్తుండగా యార్డు లారీ వచ్చి ఆగింది. వెనకనుంచి పన్నెండుమంది దిగారు. ముందునుంచి మేస్త్రి కుంటుకుంటూ దిగాడు, తల్లి గొడుగు పట్టుకుని దిగింది.

"ఎక్కండిరా," అన్నాడు మేస్త్రి.

పన్నెండుమందీ వంతెన మధ్యకు వెళ్ళారు. "గెంతండి!" గెంతారు. నీళ్ళు చిందాయి, పలకలు దడదడలాడాయి. గుంజలు కదల్లేదు. "ఒకే పక్కకి రండి!" వచ్చారు. గుంజలు కదల్లేదు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే మేస్త్రి తాను నీళ్ళలో దిగి, ప్రతి కట్టునీ బొటనవేలితో నొక్కుతూ నలభై రెండూ చూశాడు. వానలో అందరూ నిలబడే ఉన్నారు. ఆమె మాత్రం తన చేతివేళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

ఆయన గట్టెక్కాడు. 

అధికారి ఫారం మీద టిక్కులు పెట్టి, కింద ఒక గీత చూపిస్తూ అలవాటుగా పెన్ను ఆయనకే అందించింది. "పాస్. కట్టిన మేస్త్రి ఇక్కడ సంతకం పెట్టాలి."

మేస్త్రి పెన్ను తీసుకున్నాడు. తడిసిన వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు. కూతురు తల వంచుకుంది.

"నేను కట్టలేదండీ," అన్నాడు ఆయన. "కట్టిన మేస్త్రి అదుగో. సంతకం పెట్టు తల్లీ." తర్వాత వంతెన మీదున్న వాళ్ళవైపు తిరిగి, గొంతెత్తి అరిచాడు. "వింటున్నార్రా! ఇవాళ్టినుంచి మీ మేస్త్రి మా అమ్మాయి. సెలవులు కావాలన్నా, తిట్లు కావాలన్నా అక్కడే అడగండి!"

పన్నెండుమందీ కేకలు పెట్టారు. "చిన్న" అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

ఆమె సంతకం పెట్టింది. పేరు కింద "మేస్త్రి" అని రాసింది. రాశాక ఒకసారి చదువుకుంది. అప్పుడు తలెత్తి చూస్తే ఆటల మేస్టరు అవతలి గట్టు మీద ఉన్నాడు, మనుషుల్ని ఎక్కించే హడావుడిలో అటు వెళ్ళిపోయి.

"సరేనండీ!" అని అరిచింది.

వానలో అతనికి వినబడలేదు. "ఏంటీ?"

"సరే అన్నాను!"

"ఏది సరే?"

వంతెన మధ్యలో ఉన్న పన్నెండుమందికీ ఓపిక పోయింది. "పెళ్ళికి సరేనంట సారూ!" అన్నారు ఒక్క గొంతుతో.

అతను పరుగు తీశాడు. తడి పలకల మీద ఒకసారి జారి, లేచి, పన్నెండుమందినీ తోసుకుంటూ, తడిసిన బూట్లతో దబదబా పరిగెత్తుకొచ్చి ఆమె ముందు ఆగాడు. రొప్పుతున్నాడు. తల్లి గొడుగు పక్కన పడేసి చప్పట్లు కొట్టింది. మేస్త్రి మాత్రం అల్లుణ్ణి చూడలేదు, గుంజల్ని చూశాడు. ఒక్క కట్టూ కిర్రుమనలేదు.

అధికారి ఫారం మళ్ళీ తెరిచి, ఖాళీగా ఉన్న గడిలో రాసుకుంది: "పరుగు బరువు కూడా చూడటమైనది. పాస్."