మూడో దెబ్బ

ఆకివీడు దాటాక కొల్లేటి వైపు పోయే మట్టి గట్టు మీద ఒక ఇంజన్ షెడ్డు ఉంది. చేపల చెరువుల్ని సర్కారు కొట్టేశాక ఇంజనూ పోయింది, తలుపులూ పోయాయి. పోనిది ఒక్కటే — చీకటి పడ్డాక అక్కడ మోగే డబ్బా చప్పుడు.

చెరువులున్న రోజుల్లో పిట్టలు చేపల్ని ఎత్తుకుపోకుండా కాపలావాళ్ళు రేకు డబ్బాలు వాయించేవారు. ఇప్పుడు చెరువూ లేదు, కాపలా లేదు. అయినా మోగుతుందంటారు. ఆ దారిన పోయే పడవలవాళ్ళు అక్కడికి రాగానే గెడ వేయడం ఆపి, ఊపిరి బిగబట్టి కూర్చుంటారట.

అలాంటి చోటికి, రెండువేల ఏడులో, ఏలూరు సాల్మన్ కోరి కోరి పోయాడు.

సాల్మన్ అంటే ‘ఇనుప రెక్కలు’ బ్యాండు పాటగాడు. ఎనభైల్లో చర్చి గిటారుతో మొదలై, చెవులు చిల్లులు పడేలా తెలుగులో రాక్ పాడిన ముగ్గురు కుర్రాళ్ళలో ఒకడు. రెండోవాడు బేస్ గిటారు హర్షవర్ధన్. మూడోవాడు డ్రమ్స్ నాగదుర్గారావు — కొల్లేటివాడు, చిన్నప్పుడు గట్టు మీద డబ్బా వాయించి చెయ్యి తిరిగినవాడు. “కొల్లేరు ఎవడబ్బ సొత్తు?” అని వాళ్ళు అరిస్తే తాడేపల్లిగూడెంలో కుర్చీలు విరిగేవి. మొదటి క్యాసెట్టు ఈ షెడ్డులోనే రికార్డు చేశారు.

నాగదుర్గారావుకి ఒక్కటే జబ్బు. మూడో దెబ్బ రవ్వంత ఆలస్యంగా వేసేవాడు. గట్టు మీద కాపలావాడు రెండు దెబ్బలు వేసి, పిట్ట లేచిందో లేదో చూసి, అప్పుడు మూడోది వేస్తాడు. ఆ అలవాటు చేతిలోంచి పోలేదు.

“ఒక్క క్షణం ఆగరా సాల్మన్, వస్తున్నాగా!” అనేవాడు నవ్వుతూ.

సాల్మన్ ఆగలేదు. తొంభై ఐదులో, పెళ్ళిళ్ళకి సినిమా పాటలు వాయించే రోజులొచ్చాక, తనంతట తానే తాళం వేసే రిథమ్ ప్యాడ్ కొన్నాడు. దానికి ఆలస్యం లేదు, ఆకలి లేదు. శ్రమే దైవమని మైకులో గొంతు చించుకున్నవాడు, శ్రమించేవాణ్ణి గుమ్మం దాటించేశాడు. విప్లవమంతా స్టేజీ మీదే. స్టేజీ దిగితే ఎవడైనా యజమానే!

నాగదుర్గారావు తిరిగి డబ్బా పట్టుకున్నాడు, చెరువు కాపలాకి. నాలుగేళ్ళ కిందట ఓ వానరాత్రి, ఈ షెడ్డు పక్కనే కాలు జారి నీళ్ళలో పడి చనిపోయాడు. సాల్మన్ చూడ్డానికైనా రాలేదు. ఆ రోజు పెళ్ళి ప్రోగ్రాం ఉంది.

ఇప్పుడేమో ఏలూరులో పాత అభిమానులు ఆదివారానికి పిలిచారు. “ఆ పాత సౌండ్ అయితేనే రండి” అన్నారు. పది రోజులు సాధన చేసినా రాలేదు. ఇది పోతే బ్యాండు ఇక లేనట్టే. ఆ సౌండ్ షెడ్డు గోడల్లో ఉందని సాల్మన్ పట్టుదల.

హర్షవర్ధన్‌ని వెంటబెట్టుకుని బయల్దేరితే, దారిలో కారు బురదలో దిగబడి, చేరేసరికే చీకటి పడింది.

“వెనక్కి పోదాం రా,” అన్నాడు హర్షవర్ధన్, గొంతు తగ్గించి.

“సండే స్కూల్ టీచరువి, నీకు దెయ్యాల భయమా?”

“నమ్మేవాడికేరా భయం.”

కారు బ్యాటరీకి వైర్లు తగిలించారు. రిథమ్ ప్యాడ్ మొదలైంది. దెబ్బ, దెబ్బ, దెబ్బ... గోడకి మేకు కొట్టినట్టు. పాట లేవలేదు. సాల్మన్ కోపంగా ప్యాడ్ వైరు పీకేశాడు.

నిశ్శబ్దం. కప్పలు కూడా ఆగిపోయాయి.

ఠంగ్... ఠంగ్...

ఆగింది. సాల్మన్ చేతిలోని వైరు వంక చూశాడు.

...ఠంగ్.

“ప్రభువా...” అని గొణిగాడు హర్షవర్ధన్.

పారిపోదామనుకున్నాడు సాల్మన్. కాళ్ళు రాలేదు. వేళ్ళు మాత్రం వాటంతటవే తీగల మీద పడ్డాయి. ఆ దెబ్బ వెంట పాట లేచింది — రెండు దెబ్బలు, ఖాళీ, ఆ ఖాళీలో గుండె జారి, మూడోది. ఏడుస్తూనే పాడాడు. అదే! ఇరవై ఏళ్ళ నాటి సౌండ్ అదే!

పాట ఆగింది. దెబ్బలూ ఆగాయి.

బయట బురదలో అడుగుల చప్పుడు. లాంతరు వెలుగు. గుమ్మంలో ఒక ఆడమనిషి... చేతిలో రేకు డబ్బా.

“భయపడకండీ. మీ డ్రమ్స్ ఆయన భార్యనండీ, పెద్దింటమ్మని.”

సాల్మన్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పిచ్చిగా నవ్వాడు. “అమ్మా! ఆ డబ్బా మీరా?”

“నేనేనండీ. నీటికుక్కలు వలలు కొరికేస్తున్నాయండీ, రోజూ వాయిస్తాను. ఆయన వాయించినట్టే. నాకు అదొక్కటే వచ్చండీ.”

“ఊరంతా దెయ్యమనుకుంటోందమ్మా! ఆదివారం మాతో ఏలూరు రావాలి. ఇప్పుడు మా పాటతో కలిపి వాయించారే, అచ్చం అలాగే...”

పెద్దింటమ్మ లాంతరు పైకెత్తి, అర్థం కానట్టు చూసింది.

“పాటతోనా? మీరు ఎత్తుకోగానే నేను ఆపేశానండీ. ఆయన పాట కదా... విందామని.”

హర్షవర్ధన్ చేతిలోంచి గిటారు జారింది.

వాళ్ళ వెనక, ఖాళీ షెడ్డు చీకట్లో —

ఠంగ్... ఠంగ్...

నాగదుర్గారావు బతికుండగా ఏనాడూ ఆ మూడో దెబ్బ కోసం ఆగని సాల్మన్, ఈసారి ఆగాడు. ఊపిరి తీయకుండా ఆగాడు... ఆగాడు...

అది అతని చెవి పక్కనే పడింది.