ఎర్రదారం మూట

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం తీసేయండి. ఆ పత్తిలారీ మీద నేనూ కూర్చున్నాను... ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా!

లారీ ఆగింది.

మూటలో మేరి ఊపిరి కూడా ఆగింది.

ముక్కులో పత్తి. నోట్లో పత్తి. కళ్ళు తెరిస్తే పత్తి.

మాఘమాసపు మిట్టమధ్యాహ్నం. గోనె లోపల కాలిన పెనం మీదున్నట్టుంది. దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

కాళ్ళకింద ఇటుకల్లా తగులుతున్నవి నల్లమందు పొట్లాలు. నాగన్న సరుకు.

అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. ఊరి కంటికి నాగన్న పత్తి దళారి. జిన్నింగు మిల్లులో పని ఇప్పిస్తానని మేరిని నందవరం నుంచి తెచ్చాడు. మిల్లు వెనక ఇంట్లో పెట్టి తాళం వేశాడు. ఎనిమిది నెలలు! పగలంతా మూటల మూతులు కుట్టాలి. చీకటి పడితే, నాగన్న పంపినవాడికల్లా తలుపు తియ్యాలి.

రేపటి రైలుకు ఆమెను బొంబాయి పంపేస్తాడు. అక్కడికి పోయిన ఆడది తిరిగొచ్చింది లేదు.

నల్లమందున్న మూటకు ఎర్రదారంతో కుట్టు. ఎమ్మిగనూరు పొలిమేర గేటు దగ్గర కాపలాదారు రామన్న ప్రతి మూటలోకీ ఇనపకడ్డీ దించుతాడు... రాళ్ళున్నాయా, తడిపత్తి ఉందా అని. ఎర్రదారం మూటను మాత్రం ముట్టడు. నాగన్నతో ఆరేళ్ళ ఒప్పందం.

అందుకే మేరి అందులో దూరింది. మూతి కుట్టింది తోటి ఖైదీ భాగ్యలక్ష్మి.

"ఊపిరాడేదానికి ఒగ మూల ఇడిసినా. గేటు కాడ డ్రైవరు టీకి పోతాడు. దారం కోసుకోని ఉరుకు."

"మరి నువ్వో?"

"మూట లోపల్నించి కుట్టుకునే ఇద్దె నీకొచ్చునా? రాదు గదా. పండుకో."

ఇప్పుడు కుడిచేతిలో కత్తి ఉంది. చెయ్యే కదలడం లేదు.

పైన మూడు మూటలు వేశారు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు!

బయట జీపు ఆగింది. తలుపు ధడేలుమంది.

"అన్ని మూటలూ పొడుసు రామన్నా. మా ఇంట్లో బంగారు ఎత్తుకోని ఒగతి పారిపోయింది. ఈ లారీలోనే ఉంటాది."

నాగన్న గొంతు!

"మనిషుంటే ఎట్లప్పా పొడిసేది?"

"ఒగ పోటు తింటే అదే అరుస్తాది. ఎస్సై సారును పిల్సుకొచ్చినా, భయం ల్యా."

"కానివ్వు" అంది ఒక కొత్త గొంతు. ఎస్సై కృష్ణమూర్తి. ఊరికి వచ్చి పదిరోజులు.

నాగన్న పిలిస్తే వచ్చినవాడు. అంటే నాగన్న మనిషే... మేరి పళ్ళు బిగించింది.

లారీ వెనక పలక దించారు. సర్ర్... పక్క వరస. సర్ర్... పై మూట. దాని కిందిది. ఆ కిందిది... ఆమె తలమీదిదే!

కడ్డీ ఆగిపోయింది.

"అయిపాయ సార్. ఏం ల్యా."

"ఆ అడుగుది వదిలేశావే?"

"అది... అది పొడవను సార్. ఎప్పుడూ పొడవను."

ఆరేళ్ళ అలవాటు. చెయ్యి ఆగింది, నోరు ఆగలేదు.

నాగన్న నవ్వబోయాడు. "మేలురకం పత్తి సార్. కడ్డీ తగిల్తే సెడిపోతాది."

"విరిగిపోవడానికి అదేమన్నా పాలా నాగన్నా? నువ్వు పొడువు రామన్నా."

కడ్డీ మొన గోనె చీల్చుకుని వచ్చింది. భుజం చెక్కుకుపోయింది. మంట...

అరిస్తే నాగన్న. అరవకపోతే ఇంకో పోటు!

గడ్డం కింద ఇరుక్కున్న ఎడమచెయ్యి ఒక్కటే కాస్త మెదులుతుంది. వెనక్కి పోతున్న కడ్డీని మేరి ఆ చేత్తో పట్టేసింది.

రామన్న లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు.

"సార్... లోపల్నించి ఎవరో పట్టుకున్నారు సార్."

"మూట ఎవరిది నాగన్నా?"

"నాది కాదు సార్."

పైమూటలు దొర్లించారు. ఎస్సై ఎర్రదారం కోశాడు. ముందు పత్తి రాలింది. ఆ తర్వాత మేరి. ఆమె కాళ్ళవెంట నల్లమందు పొట్లాలు.

"ఎవరమ్మా నువ్వు?"

దగ్గు తగ్గాక చెప్పింది.

"ఈ మూటలు కుట్టేదాన్ని సార్. ఆదోనిలో ఆ ఇంట్లో ఇంకా ఏడుమంది ఆడోళ్ళుండారు. తాళంచెవి ఈయప్ప మొలతాడుకే ఉంటాది. సూడండి."

నాగన్న చెయ్యి నడుముకు పోయింది. పిస్తోలు మెరిసింది...

ధన్!

నిజం చెప్పాలంటే, ఆ పిస్తోలు నేను కల్పించి పెట్టింది. నాగన్న దగ్గర తాళంచెవి తప్ప ఏమీ లేదు. పరుగెత్తబోయి తన పత్తిమూటే తట్టుకుని బోర్లాపడ్డాడు. ఎస్సై జేబులోంచి తీసింది తుపాకీ కాదు, పెన్ను.

కడ్డీ మాత్రం నిజం. సాయంత్రం ఆ తాళం తీసింది కూడా మేరి చెయ్యే. తలుపు తెరవగానే భాగ్యలక్ష్మి అడిగిన మొదటి మాట: "దారం కోసుకుంటివా?"

"యాడ కోసేది? పైన మూడు మూటలేసిరి."

లారీ మీద నేనున్నదీ వట్టిదే. గేటు పక్క టీ అంగట్లో కూర్చున్నాను.

మీసమంటారా... అది నాకు ఎప్పుడుంది గనక!