రాగి కుండలో గాలిమొక్క

తెల్లవారగానే తూర్పు కిటికీలు తీయాలి. ఎండ ముదిరేలోగా తడక దించాలి. వారానికొకసారి మొక్కను వాన నీటి తొట్టిలో రెండు ఘడియలు ముంచి ఉంచాలి. తీశాక తలకిందులు చేసి విదిలించాలి, ఆకుల నడుమ చుక్క నీరు నిలవకూడదు. చేటలో ఆరబెట్టి, ఆరాకే మళ్లీ నూలుతాడుకు వేలాడదీయాలి. మట్టి తగలనివ్వకూడదు. రాగి అసలే తగలనివ్వకూడదు.

మేఘగిరి కోటలో, గాలిమేడ అనే గదిలో జరగవలసిన పనులివి. ఆ గదిలో వేలాడే మొక్కకు వేర్లు లేవు. అది గాలిని తిని బతికేది. అది పచ్చగా ఉన్నంతకాలమే ఆ రాజ్యంలో గాలి వీచేది. దాన్ని ఇరవై ఏళ్లుగా సాకుతున్న మనిషి సింగారమ్మ. ఆమె కూతురు నూకాలుకు పదమూడేళ్లు.

రాజుగారి పట్టాభిషేకానికి పాతికేళ్లు నిండాయి. పొరుగు రాజులు విందుకు వస్తున్నారు. మంత్రి భద్రపాలుడు గాలిమేడకు వచ్చి ముక్కు మీద వేలేసుకున్నాడు.

“రాజ్యానికి ప్రాణమైన మొక్క ఉట్టికి కట్టిన ఉల్లిపాయలా వేలాడుతుందా? చూసినవాళ్లు నవ్వరూ? రాగి కుండ తెప్పించండి! ఎర్రమట్టి పోయించండి! రోజూ రాగి బిందెతో అభిషేకం జరగాలి!”

“బాబూ, దానికి ఏర్లు లేవు. మట్టేటి సేసుకుంటాది?” అంది సింగారమ్మ. “రాగి దానికి ఇసం బాబూ.”

“దేవుడికి పనికొచ్చిన రాగి నీ మొక్కకు పనికిరాదా?” అన్నాడు మంత్రి. అతని వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు.

మొక్కను పాతిపెట్టారు. గదంతా పట్టుతెరలు కట్టి, అవి ఎగరకుండా కిటికీలన్నీ మూసేశారు. రోజూ నీళ్లు పోసి, పసుపు చల్లి, హారతి ఇచ్చారు. ఎంత భక్తి! ఎంత మూర్ఖత్వం! తొమ్మిదో రోజుకు మొక్క మొదలు కుళ్లి, ఆకులు చేతికి ఊడి వచ్చాయి. అదే క్షణాన రాజ్యంలో గాలి ఆగిపోయింది.

అప్పుడు కోతల కాలం. కళ్లాల్లో రైతులు చేటలెత్తి నిలబడ్డారు. గాలి లేనిదే తూర్పార పట్టేదెలా? ధాన్యం, పొట్టు కలిసి కాళ్ల దగ్గరే పడ్డాయి.

తప్పు ఎవరిదని సభలో విచారణ జరిగింది. విచారణ చేసినవాడు భద్రపాలుడే. “మొక్కను చూసుకోవలసింది సింగారమ్మ. చూసుకోలేదు. అమావాస్యలోగా గాలి రాకపోతే ఆమెను బురుజు మీంచి తోసేయాలి” అన్నాడు. రాజు తలూపాడు. ఆ తలకు అంతకన్న పని తెలియదు.

చెరసాల ఊచల వెనకనుంచి సింగారమ్మ కూతురితో అంది: “ఏడవకు గుంటా. మబ్బుకొండ మీద మన గాలిమొక్కకి తల్లిమొక్క ఉంది. ఒక్క పిలక తెచ్చినావంటే సాలు.”

“నానేడవడం నేదమ్మా. నాకు కోపంగా ఉంది.”

“అదీ మంచిదే. కాళ్లు నొప్పెట్టవు.”

నూకాలు ఒక వెదురు బుట్ట భుజానికి తగిలించుకుని బయలుదేరింది. మూడో రోజున తెల్లేరు అనే నది అడ్డం వచ్చింది. ఒడ్డున పడవ, పడవలో ఒక ముని ఉన్నారు.

“కోపం బరువైనది తల్లీ. దాన్ని ఒడ్డున దించి ఎక్కు. లేకపోతే పడవ మునుగుతుంది” అన్నారు ముని.

“దించను సామీ. మాయమ్మని కొట్లో ఎట్టినోడికి కోపం నేదు. నవ్వుకుంటానే ఎట్టినాడు. మరి ఆడు మంచోడా?”

ముని ఆమెను పరీక్షగా చూసి తెడ్డు అందుకున్నారు. “ఎక్కు. నిన్ను పరీక్షించాలనే అలా అన్నాను. ఇంతవరకు మునిగినవాళ్లందరూ ‘నాకు కోపం లేదు’ అని చెప్పినవాళ్లే. ఈ పడవ అబద్ధాన్ని మోయదు. కోపాన్ని మోస్తుంది.”

నది దాటాక కీకారణ్యం. అక్కడ పిల్లి అంత పెద్ద ఉడుత, బెట్టుడుత ఒకటి కొమ్మను రెండు చేతులా పట్టుకుని తిడుతోంది.

“కోట మనిషివా? వాసన చెప్పేస్తోంది! మీ మూలాన గాలి లేదు. కొమ్మ ఊగదు. కొమ్మ ఊగనిదే నేను గెంతలేను. వారం నుంచి ఈ ఒక్క చెట్టు కాయలే తింటున్నాను, అవీ చేదు!”

“నన్ను తిడితే నీకు తీపి కాయలొస్తాయా? దిగు. నాను మోస్తాను, నువ్వు తోవ సెప్పు.”

“నీ భుజం గట్టిదేనా?”

“నీ నోటికన్నా గట్టిదే.”

ఉడుత ఎక్కింది. దారంతా గొణుగుతూనే ఉంది, కానీ ముళ్లపొదల్లో ఒక్కచోట కూడా దారి తప్పనివ్వలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి ఇద్దరూ మబ్బుకొండ చేరారు.

కొండ కొమ్మున ఒక రాతి గుహ ఉంది. గుహ నోట ఉసురమ్మ అనే రాక్షసి కూర్చుని ఉంది. ఆమె బుగ్గలు ధాన్యపు గరిసెల్లా ఉబ్బి ఉన్నాయి. మనుషులు చంపిన గాలిమొక్కల ఊపిరంతా ఆ బుగ్గల్లోనే ఉంటుంది. ఆమె వెనక రాతి మీద తల్లిమొక్క, దాని చుట్టూ పిలకలు.

“ఎందుకొచ్చావో తెలుసు” అంది ఉసురమ్మ. మాట మాటకూ రాళ్లు దొర్లాయి. “నా బిడ్డను ఎవరు చంపారో చెప్పు. ఒక్క పేరు దాచినా నిన్ను మింగేస్తాను.”

“భద్రపాలుడు. కుండలో పాతిపెట్టమన్నాడు.”

“ఇంకా?”

“రాజు. సూత్తా ఊరుకున్నాడు. పూజారి. రోజూ నీళ్లు పోసినాడు.”

“ఇంకా?”

నూకాలు తన చేతుల వంక చూసుకుంది. ఉడుత ఆమె చెవి దగ్గర, “ఇంకెవరున్నారు, అయిపోయిందని చెప్పు!” అంది. రాక్షసి నోరు తెరిచింది.

“నానూ!” అని అరిచింది నూకాలు. “ఆ రాగి కుండ మేడ మీదకి మోసింది నానే! నాకు కొత్త పరికిణీ ఇచ్చినారు, నలుగురూ సూత్తన్నారు, గొప్పగా మోసినాను. రాగి ఇసమని మాయమ్మ సిన్నప్పుడే సెప్పింది. తెలిసీ నోరు మూసుకున్నాను. నా మీద నాకే ఒల్లు మండిపోతంది!”

ఉసురమ్మ నోరు మెల్లగా మూసుకుంది.

“వందల ఏళ్లలో ఇక్కడికి యాభైమంది వచ్చారు” అంది. “అందరూ ఎదుటివాళ్ల పేర్లే చెప్పారు. పిలకను తీసుకో. అది మళ్లీ గాలికి వేలాడిన రోజున ఈ ఊపిరి వదులుతాను.”

నూకాలు పిలకను బుట్టలో పెట్టింది. మూత వేయలేదు. ఎండకు ఆకులు కప్పింది. వాన పడిన చోట తడిపి, తలకిందులుగా విదిలించి, ఆరాకే నడిచింది. అడవి దాకా తోడొచ్చిన ఉడుత తన కాయలు కూడా ఆ బుట్టలో పెట్టలేదు.

అమావాస్య నాటి పొద్దున్నే ఆమె సభలో అడుగుపెట్టింది. భద్రపాలుడు ఎదురొచ్చి, “శుభం! బంగారు కుండ తెండి!” అన్నాడు.

“ముట్టుకున్నావంటే సెయ్యి కొరికేస్తాను!” అంది నూకాలు. సభ నిర్ఘాంతపోయింది. “మహారాజా, మాయమ్మని తెండి. ఈ మొక్క ఆమె సేతికే ఇత్తాను. ఇంకెవరికీ ఇవ్వను. నాను కుండ మోసినాను, నాదీ తప్పే. కానీ వద్దని మొత్తుకున్నది ఆమె ఒక్కతే. ఆమెనే సంపుతారా?”

రాజుకు మొదటిసారి ముఖం ఎర్రబడింది. సిగ్గుతో. సింగారమ్మను తెచ్చారు. అందరూ గాలిమేడకు నడిచారు. ఆమె పిలకను వాన నీట ముంచింది. రెండు ఘడియల పాటు సభంతా నిలబడి చూసింది. సింగారమ్మ తీసి విదిలించింది. చేటలో ఆరబెట్టింది. “తొందరగా కానీ” అన్న మంత్రిని రాజే కసిరాడు. పట్టుతెరలు చింపి, కిటికీలు తీసి, ఆమె మొక్కను తాడుకు కట్టింది.

మబ్బుకొండ దిక్కు నుంచి హోరుమంటూ గాలి వచ్చింది. మంత్రి తలపాగా కిటికీలోంచి ఎగిరిపోయింది. కళ్లాల్లో చేటలు లేచాయి. పొట్టు ఒకవైపు, బంగారంలాంటి గింజ ఒకవైపు పడ్డాయి. అడవిలో బెట్టుడుత కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతూ ఇంటికి వెళ్లిపోయింది.

“నిన్ను నా కోడల్ని చేసుకుంటాను” అన్నాడు రాజు.

“ముందు మీ అబ్బాయికి కిటికీ తీయడం నేర్పండి, తరవాత సూద్దాం” అంది నూకాలు. ఆమె కోరింది వేరు: ఏ పని చేసేవాళ్ల మాట ఆ పనిలో మంత్రి మాటకన్న పైన ఉండాలి. రాజు ఆ శాసనం చేశాడు. భద్రపాలుడు కళ్లాల్లో చేట పట్టాడు. నూకాలు పెద్దదై ఆ రాజ్యానికి మంత్రిణి అయింది, హాయిగా బతికింది.

ఇక్కడితో కథ అయిపోయిందని ఊరుకోలేను. గాలిమేడ గుమ్మం మీద ఇప్పటికీ ఒక రాతి ఫలకం ఉంది. ‘గాలిని తిరిగి రప్పించిన మహారాజు’ అని దాని మీద చెక్కారు. ఇరవై ఏళ్లు తొట్టి నింపి, తడక దించి, వద్దని చెప్పి, అయినా చెరసాలకు వెళ్లిన మనిషి పేరు దాని మీద లేదు. అందుకే పిల్లలూ, మీరు ఎప్పుడైనా కిటికీ తీసినప్పుడు, చల్లగాలి ముఖానికి తగిలినప్పుడు, ఆ పేరు ఒక్కసారి తలుచుకోండి. ఆమె పేరు సింగారమ్మ.